ఆడపిల్ల వాటా: నలభై ఏళ్ల లెక్క

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరెత్తితే తెలుగు సభల్లో ఒక కథ తప్పకుండా వస్తుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసిందన్న కథ. మంచి కథే. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ హాయిగా ఉంటుంది, ఎవరి జేబులోంచీ పైసా పోదు. ఆమె స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం మాత్రం కొంచెం ఇబ్బంది పెట్టే విషయాన్ని ఎంచుకుంది. అది ఆస్తిలో ఆడపిల్ల వాటా.

మహిళా చరిత్రలో మైలురాళ్లు అనగానే తొలి మహిళా ముఖ్యమంత్రి, తొలి న్యాయమూర్తి, తొలి వ్యోమగామి అంటూ ఒక జాబితా వస్తుంది. వాళ్ల ఘనతను తక్కువ చేయనక్కర్లేదు. కానీ అవి ఒక్కొక్కరు గెలిచిన గెలుపులు. చదువుకున్నా చదువుకోకపోయినా, ఊళ్లో ఉన్నా అమెరికాలో ఉన్నా, హిందూ కుటుంబంలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ పుట్టుకతోనే వర్తించే మార్పు ఇంకొకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ చెబితే ఉపాధ్యాయ దినోత్సవం తప్ప మరేదీ ఎవరికీ గుర్తురాదు. కుటుంబ ఆస్తిలో ఆ పుట్టుక హక్కు దేశమంతటికీ రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

దుర్గాబాయికి ఈ విషయంతో సంబంధం గట్టిదే. ఎనిమిదేళ్లకు పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ బంధంలోంచి బయటకు వచ్చిన మనిషి ఆమె. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, ఆ తర్వాత చదువు పూర్తిచేసి, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు. రాజ్యాంగ సభలో కూర్చున్నప్పుడు హిందూ కోడ్ బిల్లు పక్షాన నిలబడ్డారు. పుట్టుకతో కొడుకులకే దఖలుపడే సమష్టి ఆస్తి పద్ధతిని తీసేయాలన్నది ఆ బిల్లు ఆలోచన. సభలో లేచిన దుమారం చిన్నది కాదు. కూతురికి వాటా ఇస్తే కుటుంబాలు కూలిపోతాయనీ, అన్నాచెల్లెళ్లు బద్ధశత్రువులవుతారనీ పెద్దపెద్దవాళ్లు వాదించారు. బిల్లు మూలపడింది. అంబేడ్కర్ 1951 సెప్టెంబరులో మంత్రి పదవి వదిలేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. చివరకు బిల్లును ముక్కలు చేసి 1955, 56లలో నాలుగు చట్టాలుగా తెచ్చారు. వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. కూతురు వారసురాలైంది, నిజమే. కానీ సమష్టి ఆస్తి పద్ధతిని కదపకుండా వదిలేశారు.

కదపకపోతే ఏమైందో తెలియాలంటే ఒక కుటుంబం లెక్క వేయాలి. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తల్లి లేదు. తాతలనాటి పొలం 12 ఎకరాలు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. 1956 చట్టం ప్రకారం, తండ్రి చనిపోవడానికి ముందు క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించుకోవాలి. ఆ పంపకంలో కూర్చునేది తండ్రీ ఇద్దరు కొడుకులూ మాత్రమే కాబట్టి తలా 4 ఎకరాలు. ఇప్పుడు తండ్రి తాలూకు 4 ఎకరాలను ముగ్గురు పిల్లలకూ సమానంగా పంచాలి. కొడుకులకు 5 ఎకరాల 33 సెంట్ల చొప్పున, కూతురికి ఎకరం 33 సెంట్లు. తెలంగాణ లెక్కలో ఎకరం పదమూడు గుంటలు. తండ్రి తన 4 ఎకరాలను కొడుకుల పేర వీలునామా రాసి పోతే ఆ ఎకరం 33 సెంట్లు కూడా లేవు. దీన్నే మూడు దశాబ్దాలపాటు సమాన వారసత్వం అన్నారు.

అలాగని 1956 చట్టం ఉత్తదని కొట్టిపారేయడం అన్యాయం. దాంట్లోని 14వ సెక్షన్ వితంతువుల బతుకు మార్చింది. అంతకుముందు, 1937 చట్టం ప్రకారం భర్త ఆస్తిలో వితంతువుకు దక్కేది బతికినన్నాళ్లు అనుభవించే హక్కు. అమ్ముకోవడానికి వీల్లేదు, ఇష్టమైనవాళ్లకు రాసివ్వడానికి వీల్లేదు. పద్నాలుగో సెక్షన్ ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చేసింది. దాని అసలు బలం ఎంతో తేల్చింది మాత్రం నెల్లూరు కోర్టులో మొదలైన ఒక తెలుగు వితంతువు కేసు. దేశంలోని లా కాలేజీలన్నిటిలోనూ తులసమ్మ కేసుగా చదువుకుంటారు. భర్త 1931లో పోయాడు, ఆస్తి అతని సోదరుడి చేతిలో ఉంది. మనోవర్తి కోసం ఆమె 1944లో, కోర్టు ఫీజు కట్టుకోలేని పేదరాలిగా దావా వేసింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు, అయితే తిని బతకడానికే, అమ్మడానికి కాదు. 1956 చట్టం వచ్చాక ఆమె కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. ఆ హక్కు ఆమెకెక్కడిదని అవతలివాళ్లు కోర్టుకెక్కారు. మునసబు కోర్టునుంచి సుప్రీంకోర్టు దాకా సాగి, 1977 మార్చి 17న తీర్పు వచ్చింది. మనోవర్తి దయాధర్మం కాదు, హక్కు. ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి ఆమెకు పూర్తిగా సొంతం. మొదటి దావాకూ చివరి తీర్పుకూ మధ్య 33 ఏళ్లు. ఇవాళ్టికీ ఎందరో వితంతువులు ఆ తీర్పును పట్టుకుని ఒడ్డెక్కుతున్నారు.

వితంతువు సంగతి తేలింది. కూతురి సంగతి మిగిలింది. పైగా భూసంస్కరణల పేరుతో వచ్చిన చట్టాలు ఆమెను ఇంకాస్త వెనక్కి నెట్టాయి. ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టంలో, ఇంట్లో మేజరైన కొడుకు ఉంటే అతని లెక్కన అదనంగా భూమి ఉంచుకోవచ్చు. మేజరైన కూతురు ఉంటే ఆ వెసులుబాటు లేదు. పేదలకు భూమి పంచాలన్న చట్టం రాసినవాళ్ల కళ్లకు కూడా ఆడపిల్ల ఆనలేదు.

ఈ నేపథ్యంలో వచ్చింది ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ. 1986లో చట్టమైంది, 1985 సెప్టెంబరు 5 నుంచే అమలైనట్టు రాశారు. సమష్టి కుటుంబంలో కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో కోపార్సనర్, అంటే సమష్టి ఆస్తిలో వాటాదారు, అవుతుందని అది తేల్చి చెప్పింది. దాని పీఠికను ఇవాళ చదివినా ఆశ్చర్యం వేస్తుంది. ఆడపిల్లను సమష్టి ఆస్తినుంచి మినహాయించడం రాజ్యాంగం చెప్పిన సమానత్వానికి విరుద్ధమనీ, ఆ మినహాయింపే వరకట్నమనే దురాచారానికి మూలమైందనీ అందులో రాశారు. కట్నం మీద వచ్చిన 1961 నిషేధ చట్టం నేరాన్ని చూసింది. ఈ సవరణ దాని వెనకున్న ఆస్తి లెక్కను చూసింది. రామారావు రాజకీయాలమీద ఎవరికెలాంటి అభిప్రాయమున్నా ఆ పీఠిక చదివాక ఈ ఒక్క విషయంలో ఆయన ప్రభుత్వానికి పూర్తి మార్కులు వేయాల్సిందే.

కాకపోతే ఒక మెలిక పెట్టారు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లయిపోయిన కూతుళ్లకు ఈ హక్కు వర్తించదు. ఆ ఏడాది మాఘమాసంలో పెళ్లయిన అక్కకు వాటా లేదు. పై ఏడు మాఘంలో పెళ్లయిన చెల్లెలికి ఉంది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే పొలం. పెళ్లయితే పుట్టింటికి పరాయిదన్న పాత నమ్మకాన్ని ముందు గుమ్మంలోంచి పంపేసి, దొడ్డిదారిన మళ్లీ లోపలికి రానిచ్చినట్టయింది.

అయినా దారి వేసింది తెలుగువాళ్లే. కేరళ అంతకుముందే 1975లో చట్టం చేసి సమష్టి కుటుంబ పద్ధతిని మొత్తంగా రద్దు చేసింది, అది వేరే మార్గం. కూతుర్ని కొడుకు పక్కన కూర్చోబెట్టిన ఆంధ్రప్రదేశ్ పద్ధతిని తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో అందుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టమైన 1986లోనే మేరీ రాయ్ అనే మహిళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. కూతురికి కొడుకు వాటాలో నాలుగోవంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది చాలన్న తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం ఆ తీర్పుతో పక్కకు పోయింది.

పార్లమెంటు కదిలింది 2005లో. సెప్టెంబరు 9 నుంచి అమలైన ఆ సవరణలో పెళ్లి అడ్డంకి లేదు. వ్యవసాయ భూమిలో కౌలుదారీ హక్కుల వారసత్వాన్ని ఈ చట్టం పరిధిలోంచి తప్పించిన పాత నిబంధనను ఎత్తేశారు. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఏళ్ల తరబడి పట్టుపట్టి అడిగిన మార్పు అది. 23వ సెక్షన్ కూడా పోయింది. పుట్టింటి ఇంట్లో తన భాగం విడదీయమని కూతురు అడగాలంటే ముందు అన్నదమ్ములు పంచుకోవడానికి సిద్ధపడాలని ఆ సెక్షన్ చెప్పేది. కనీసం తలదాచుకుంటానని అడగాలన్నా పెళ్లి కాకుండానైనా ఉండాలి, మొగుడు వదిలేసైనా ఉండాలి, మొగుడు పోయైనా ఉండాలి. అచ్చంగా ఇదే మాటల్లో కాకపోయినా, చట్టంలో ఉన్న అర్థం మాత్రం ఇదే.

ఆ తర్వాత పదిహేనేళ్లు కోర్టుల్లో గందరగోళం నడిచింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కని 2015లో ఒక తీర్పు. 2001లోనే తండ్రి పోయిన కూతుళ్లకూ వాటా ఉందని 2018లో ఇంకో తీర్పు. పెద్ద వకీళ్లే తలలు పట్టుకున్నారు. చివరకు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చిక్కుముడి విప్పింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి తండ్రి ఆనాటికి ఉన్నాడా లేడా అన్న ప్రశ్నే లేదంది. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామంటే చాలదు, పక్కా ఆధారం కావాలంది. 2005 సవరణ గీసిన గీత ప్రకారం, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలనూ పంపకాలనూ మాత్రం కదిలించలేదు.

ఇప్పుడు ఆ 12 ఎకరాల లెక్క మళ్లీ వేస్తే తండ్రి పోయాక ముగ్గురు పిల్లలకూ తలా 4 ఎకరాలు. ఎకరం 33 సెంట్లనుంచి నాలుగుకు. కాగితం మీద.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో నూటికి పద్నాలుగు మాత్రమే మహిళల చేతిలో ఉన్నాయి. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరో పొలాల వెంట నడిచే ఎవరికైనా తెలుసు. చట్టానికీ పాసుపుస్తకానికీ మధ్య దూరం ఎక్కడుందో చూడాలంటే మండల కేంద్రంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఒక పూట నిలబడాలి.

పెద్దాయన దినకర్మలు అయిపోతాయి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చేతికొస్తాయి. ఆ సర్టిఫికెట్‌లో కూతుళ్ల పేర్లు ఉంటాయి, అక్కడే పేచీ. ఏదో శుక్రవారంనాడు అన్న కారు మాట్లాడి చెల్లెళ్లను పిలిపిస్తాడు. ఆఫీసు ఎదుట దస్తావేజు లేఖరి షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు, జిరాక్స్ మిషను, స్టాంపు పేపర్లు. ఆధార్ కార్డులు, ఫొటోలు తీసుకుంటారు. హక్కు విడుదల దస్తావేజు ముందే కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంటుంది, పేర్లూ సర్వే నంబర్లూ మారిస్తే చాలు. పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద తనకు రావలసింది ముట్టిందనీ, ఇకమీదట తనకుగానీ తన వారసులకుగానీ ఈ ఆస్తిలో ఎట్టి హక్కూ లేదనీ అందులో ఉంటుంది. లేఖరి గడగడా చదివి వినిపిస్తాడు, లేదా చదవడు. లోపల వేలిముద్ర మిషను మీద వేలు పెడతారు. బయటకొచ్చాక టిఫిను, ఇంటికెళ్లాక వదిన బొట్టు పెట్టి ఇచ్చే చీర, రవికె గుడ్డ. పొలం ధర ఎకరం యాభై లక్షలున్నా, కోటి ఉన్నా చీర మాత్రం అదే చీర.

ఆ చెల్లెలు అమాయకురాలనుకుంటే పొరపాటు. ఆమె లెక్క ఆమెకుంది. మొగుడితో తగువొస్తే వెళ్లి నాలుగు రోజులు ఉండడానికి పుట్టిల్లు కావాలి. కూతురి పెళ్లిలో మేనమామ పీటల దగ్గర కనబడాలి. పండక్కి పిలుపు రావాలి. నలుగురిలో వాటా అడిగిన ఆడబిడ్డ అనిపించుకోవడం ఇష్టం లేదు. అన్నదమ్ములు అండగా ఉంటారన్న నమ్మకానికి ఆమె కడుతున్న ప్రీమియం ఆ నాలుగెకరాలు. ప్రేమతో ఇచ్చేశారని మెచ్చుకునేవాళ్లు ఒక్క సంగతి ఆలోచించాలి. ఆ ప్రేమ ఒకవైపే ఎందుకు పారుతోంది? చెల్లెలి కష్టం చూసి తన వాటాకు విడుదల రాసిచ్చిన అన్నలు ఎందరు తగులుతారు?

కట్నం ముట్టింది కదా అన్నది అన్నిటికన్నా గట్టి వాదన. ఊళ్లో రచ్చబండ దగ్గరైనా, డాలస్‌లో తెలుగు కుటుంబాల విందులోనైనా ఇదే మాట. కట్నం ముట్టింది ఎవరికి? అల్లుడికీ వియ్యంకుడికీ. కూతురి పేర బ్యాంకులో పడిందెంత, ఆమె పేర రిజిస్టరైంది ఎంత అని అడిగితే జవాబు నాన్చుతారు. పసుపు కుంకుమ కింద మడి రాసివ్వడం కొన్ని తెలుగు కుటుంబాల్లో పాతకాలంనుంచీ ఉంది. అది ఆమె పేరునే ఉండేది కూడా. దాని స్థానంలో నగదూ కారూ వచ్చాక ఆమె చేతికి మిగిలింది మెడలోని బంగారమే.

ఏం చేస్తే మారుతుందన్నదానికి ఊహాగానాలు అక్కర్లేదు, ఒక పరిశోధన ఉంది. రాజనీతి శాస్త్రవేత్త రేచెల్ బ్రూలే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తిరిగి, దేశవ్యాప్త సర్వే లెక్కలు కూడా కలిపి 2020లో ఒక పుస్తకం తెచ్చారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక సర్పంచి పదవులు మహిళలకు రిజర్వయిన చోట వారసత్వ హక్కు ఏమైందన్నది ఆమె ప్రశ్న. మహిళా సర్పంచి ఉన్న ఊళ్లలో ఆడపిల్లలు వాటా అడగడం, దక్కించుకోవడం పెరిగిందని తేలింది. కారణం అర్థంకానిదేమీ కాదు. రెవెన్యూ కాగితాల సంగతి కనుక్కోవడానికి మగ సర్పంచి అరుగు మీదికి వెళ్లలేని ఆడమనిషి, మహిళా సర్పంచి వంటింటి గుమ్మం దాకా వెళ్లగలదు. సర్పంచి భర్తే పెత్తనం చేస్తాడని ఎగతాళి చేయడం మనకు అలవాటు. ఆ ఎగతాళిలో నిజం లేకపోలేదు, కానీ ఆ గుమ్మం తెరుచుకోవడం కూడా నిజమే.

అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది, ఇది పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులకు పనికొచ్చేది. పెళ్లి కుదరకముందే హక్కు చేతిలో ఉన్న అమ్మాయి, కట్నం వద్దు, ఆ మేరకు భూమి నా పేర పెట్టండని బేరం ఆడగలిగింది. అక్కడ అన్నదమ్ములు పెద్దగా ఎదురు తిరగలేదు. పెళ్లయి కట్నం వెళ్లిపోయాక వాటా అడిగినచోట మాత్రం ప్రతిఘటన గట్టిగా వచ్చింది. అంటే మాట్లాడాల్సిన సమయం తండ్రి పోయాక కాదు, పెళ్లిచూపులకు ముందు.

చేదు నిజం కూడా ఒకటి చెప్పుకోవాలి. బ్రూలే, సోనియా భలోత్రా, సంచారి రాయ్ కలిసి చేసిన మరో అధ్యయనం, ఈ సవరణలు ముందే తెచ్చిన రాష్ట్రాల్లో మొదటి కాన్పు ఆడపిల్లయిన కుటుంబాలను పరిశీలించింది. సవరణ తర్వాత అక్కడ రెండో ఆడపిల్ల పుట్టకుండా, పుట్టినా బతక్కుండా పోవడం పెరిగిందని చూపించింది. హక్కు ఇవ్వడం ఇష్టంలేక హక్కుదారునే లేకుండా చేయడం. దీన్ని పట్టుకుని చట్టమే తప్పనడం తెలివి తక్కువ. చట్టం వచ్చిందని చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోవడం కూడా అంతే.

చట్టంలోనే మిగిలిపోయిన పెద్ద లోపం 15వ సెక్షన్. వీలునామా లేకుండా, పిల్లలూ భర్తా లేకుండా ఒక హిందూ స్త్రీ చనిపోతే ఆమె సొంత సంపాదన ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. ఆ తర్వాతే ఆమెను కన్నవాళ్లకు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, పెళ్లయిన మూడు నెలలకే 1955లో భర్త పాముకాటుతో పోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఆమె ఉద్యోగం చేసి కూడబెట్టుకుంది. 1996లో ఆమె పోయాక, నాలుగు దశాబ్దాలు మొహం చూడని అత్తింటి వారసులు వచ్చి ఆస్తి అడిగారు. కోర్టు సానుభూతి చూపింది, ఆస్తి వాళ్లకే ఇచ్చింది. చట్టం అలా ఉంది మరి. హైదరాబాదులో సొంత జీతంతో ఫ్లాటు కొనుక్కున్న ఎందరు ఆడవాళ్లకు ఈ సెక్షన్ సంగతి తెలుసు? అది మారేదాకా మందు ఒకటే. ఆడవాళ్లు వీలునామా రాయాలి, ముసలితనం దాకా ఆగకుండా.

గిరిజన మహిళల దగ్గరికి ఈ చట్టం వెళ్లనే లేదు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని రెండో సెక్షన్‌లోనే రాసి ఉంది. అక్కడ నడిచేది ఆచారం. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కానప్పుడు సమాన వాటా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లో ఆ తీర్పును తెలుగులో, కోయలో, గోండిలో చెప్పాల్సిన పని ఇంకా ఉంది.

ఇదంతా ఇప్పుడు తవ్వుకోవడానికి ఒక కారణం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో పుట్టుకతో హక్కు ఉన్న మొదటి తరం ఆడపిల్లలు, అంటే 1985 సెప్టెంబరు తర్వాత పుట్టినవాళ్లు, 2025లో నలభైలోకి అడుగుపెట్టారు. వాళ్ల తండ్రులు అరవై, డెబ్బై దాటుతున్నారు. ఆ తరం ఆస్తుల పంపకాలు ఇప్పుడే మొదలవుతున్నాయి, వచ్చే ఇరవై ఏళ్లలో ఊరూరా జరుగుతాయి. వాటిని తప్పించే దారులు కూడా తయారవుతున్నాయి. సమష్టి ఆస్తిలో తన వాటా వరకే వీలునామా రాయగల తండ్రి, మొత్తం ఆస్తిని కొడుకు పేర రాసేస్తున్నాడు, ఎవరూ అడగరన్న ధైర్యంతో. బతికుండగానే దాన సెటిల్‌మెంటు చేసేవాళ్లూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్లలో ప్రతి విడుదల దస్తావేజూ ఉంది. ఏటా రాసిచ్చినవాళ్లలో ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు, ప్రతిఫలంగా ఎంత చూపించారు అని జిల్లాలవారీగా ఆ శాఖే లెక్క తీసి ప్రకటించవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. దస్తావేజు మీద వేలు పెట్టించే ముందు, ఆమె వాటా ఎన్ని ఎకరాలో, మార్కెట్ విలువ ఎంతో సబ్ రిజిస్ట్రార్ స్వయంగా ఆమెకు చదివి వినిపించాలన్న నిబంధన కూడా అదే జీవోలో పెట్టవచ్చు.